నోటిచ్చి డాంకె

క్లైవ్ బ్యాంకు కార్డును చూస్తేనే మెర్విన్‌కు ఒళ్లు మండేది.

ఇద్దరూ ఆస్ట్రేలియాలో, విక్టోరియా గోధుమ నేలల్లో ఒకే బడిలో చదివారు. ఇద్దరి భార్యలూ పోయారు. ఊళ్లో పోస్టాఫీసు నడిపిన గ్వెన్ ఈ యూరప్ బస్సు యాత్రకు పేరు ఇచ్చిందని విని మెర్విన్ కూడా ఇచ్చాడు. క్లైవ్‌కూ ఆ సంగతి తెలుసని విమానం ఎక్కాకే అర్థమైంది.

మెర్విన్ నోట్లు చొక్కా కింద, నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉండేవి. అది భార్య కుట్టినది. ముడి గట్టిగా వేయడం కూడా ఆమే నేర్పింది. కాఫీ కొట్టు దగ్గర అతడు ముడి విప్పేలోపే క్లైవ్ కార్డు మిషన్ మీద ఆనేది. గ్వెన్ చేతికి కాఫీ వచ్చేసేది.

"ఇంకా బొడ్డు తడుముకుంటున్నావేంట్రా? నొప్పులా?" అనేవాడు క్లైవ్.

గ్వెన్ నవ్వేది. క్లైవ్ ఏమన్నా నవ్వేది.

"గీకినప్పుడల్లా బ్యాంకోడు నీ జేబు కోస్తాడ్రా. ఇంటికెళ్లాక ఏడుస్తావు," అనేవాడు మెర్విన్.

"ఈ కార్డుకి కోత లేదు. పోతే ఫోన్లో ఆపేస్తా. నీ సంచి పోతే ఎవరికి చెప్పుకుంటావు?"

ఆ ఉదయం బస్సు జర్మనీ కొండల్లోకి ఎక్కింది. గైడు మైకులో ఇక్కడి మర్యాదలు ఏవో చెబుతున్నాడు. మెర్విన్ చెవికి అవేవీ ఎక్కలేదు. అతడి కళ్లు ముందు సీటు మీద ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా క్లైవ్ మోకాలు గ్వెన్ మోకాలికి తగులుతోంది. ఆ దారిలో మలుపులు ఎక్కువ.

మధ్యాహ్నం పల్లెలోని పూటకూళ్లింట్లో ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. క్లైవ్ దర్జాగా కార్డు చాపాడు. వడ్డించిన మనిషి తల అడ్డంగా ఊపి గోడ మీది బోర్డు చూపింది. కార్డులు చెల్లవు. డబ్బు తీసే మిషన్ కొండ దిగువ ఊళ్లో ఉంది. క్లైవ్ చెవులు ఎర్రబడ్డాయి.

మెర్విన్ కడుపులో పాలు పోసినట్టయింది.

అతడు నిదానంగా ముడి విప్పాడు. చిన్న నోట్లు పక్కకు తోసి, గ్వెన్ కంట పడేలా వంద యూరోల నోటు తీశాడు. బిల్లు అందులో సగం దాటి కొంచెం. నోటు ఆ మనిషి చేతిలో పెట్టి, థ్యాంక్స్ చెప్పడానికి తనకు వచ్చిన ఒకే ఒక్క జర్మన్ మాట గట్టిగా అన్నాడు.

"డాంకె."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. రెండుసార్లు తల వంచి, నోటు నడుం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

గ్వెన్ అతడి వైపు కొత్తగా చూసింది. "నీది ఇంత పెద్ద చెయ్యి అని ఊళ్లో ఎవరికీ తెలీదు మెర్విన్. బస్సులో నా పక్కన కూర్చో. కిటికీ నీకే ఇస్తాలే." చేతులు కడుక్కోవడానికి లేచింది.

మెర్విన్ వంటగది తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"చిల్లర కోసమా?" అన్నాడు క్లైవ్. "రాదురా. ఇక్కడ నోటిచ్చి డాంకె అంటే మిగతాది నువ్వే ఉంచుకో అని. గైడు పొద్దున చెప్పాడు కదా. ఎక్కడున్నావు?"

మెర్విన్ చెయ్యి సంచి ముడి మీదికి పోయింది.

"పోన్లే. గ్వెన్ నిన్ను మారాజు అనుకుంటోంది. నేను చెప్పనులే. కిటికీ పక్కన కూర్చో, పో."

డబ్బు పోతే పోయింది. కానీ ఆ సీటు క్లైవ్ జాలిపడి ఇచ్చినది అవుతుంది. ఇంటికి చేరేదాకా, చేరాక కూడా, వాడి నవ్వులో అది ఉంటుంది. మెర్విన్ లేచి వంటగదిలోకి నడిచాడు.

వేళ్లతో చూపించి, తల ఊపి, నోటు తనదేనని గుండె తట్టుకుని చిల్లర అడిగాడు. ఆ మనిషి ముఖం మాడిపోయింది. ఒక్కొక్క నోటే అతడి అరచేతిలో పెట్టింది. మెర్విన్ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో గ్వెన్ తడి చేతులతో నిలబడి ఉంది.

ఆమె చేతులు తుడుచుకుంది. చేతిసంచిలోంచి తన భోజనానికి మించిన నోటు తీసి, చాపి ఉన్న అతడి అరచేతిలోనే పెట్టింది.

"డాంకె," అంది.

బస్సులో ఆమె మళ్లీ క్లైవ్ పక్కనే కూర్చుంది. మెర్విన్ వెనక సీట్లో కూర్చుని సంచి ముడి బిగించుకున్నాడు. దిగేటప్పుడు కూడా అవే మలుపులు.