దేవుడి గూట్లో మందు

వడ్డేపల్లి భీమన్నకు దమ్మూ ఉంది, భక్తీ ఉంది. మల్దకల్ తిమ్మప్ప జాతరలో ఈసారి భజన ఎత్తుకునే వంతు ఆయనది. ఎక్కడ గొంతు తడబడుతుందా అని వెనక వంత పాడే నాగన్న కాచుకొని ఉన్నాడు.

గద్వాలలో డాక్టరమ్మ ఆయనకు పీల్చే మందులు రెండిచ్చింది. గోధుమరంగుది రోజూ పొద్దున, సాయంత్రం. నీలిది దమ్ము పట్టి ఆయాసం వచ్చినప్పుడే.

గోధుమరంగుది తిమ్మప్ప వారమైన శనివారం మొదలుపెడదామని దేవుడి గూట్లో పెట్టాడు. ఆ శనివారం అమావాస్య. మరుసటి శనివారం దాయాదులు, పాలోళ్లింట్లో మైల. ఇంతలో దసరా వచ్చింది. ట్రాక్టరుతో పాటు దానికీ పసుపు, కుంకుమ పెట్టాడు. పూజ చేసినదాన్ని నోట్లో ఎట్లా పెట్టుకుంటాడు?

నీలిది మాత్రం జేబులోనే. పత్తికి పురుగు రాకముందే మందు కొట్టే రైతు ఆయన. దమ్ముకూ అదే సేద్యం. దీపానికి ముందోసారి, సాంబ్రాణికి ముందోసారి, భజనకు ముందు రెండుసార్లు. మొదట్లో ట్రాక్టరు పొగకు దగ్గేవాడు. తర్వాత అగరొత్తికి, ఇంట్లో పోపుకు, చివరికి పక్కింటి పోపుకు కూడా.

"నీ మిరపకాయలే నా పాణం తీస్తున్నయి," అన్నాడు భార్యతో.

"పెండ్లైనకాడి నుంచి గవే మిరపకాయలు," అంది హన్మమ్మ. "కొట్టీ కొట్టీ చేన్ల పురుగును మొండి జేసినవ్. గిప్పుడు ఛాతి మీద పడ్డవా?"

డాక్టరమ్మ కూడా మందలించింది. "నీలిదే రోజూ పీలిస్తే ఊపిరి గొట్టాలు ఇంకా సున్నితమైతయి, జర పొగకే ముడుచుకుంటయి. వాపు తగ్గించేది గోధుమరంగుది. వాడుతున్నవా, పెద్దాయనా?"

"రోజూ మొక్కుతున్నమ్మా!"

జాతరనాడు నీలిది నాలుగుసార్లు పీల్చి నిలబడ్డాడు. మందు ఎక్కువై చేతులు వణికి తాళాలు వాటంతటవే మోగాయి. సాంబ్రాణి పళ్లెం ముందుకొచ్చింది. "గోవిందా"లో "గో" తిమ్మప్పకు చేరింది. మిగతాది ఛాతీలోనే ఉండిపోయింది.

"కూసో అన్నా, మిగిలింది నేను పాడుత," అని నాగన్న అందుకున్నాడు. ఎంత బాగా పాడాడంటే, భీమన్నకు దగ్గు కూడా ఆగిపోయింది.

ఇంటికి రాగానే హన్మమ్మ గూట్లోంచి గోధుమరంగుది తీసి, కొంగుతో కుంకుమ తుడిచి చేతికిచ్చింది.

"ఇయ్యాల మంగళారం కదనే!"

"దమ్ము నిన్ను వారం అడిగొస్తదా? దేవుని ముందర పెట్టింది ప్రసాదమే. వచ్చే ఏడన్న పాడాల్నా, వద్దా?"

భీమన్న కళ్లు మూసుకొని పీల్చాడు. తిమ్మప్ప ఇన్నాళ్లూ దాన్ని ముట్టలేదు. ఆయనకు దమ్ము లేదు మరి.