కనుబొమ మీది గాటు

కంప్యూటర్‌లో ఆడే తుపాకీ ఆటల్లో చచ్చేవాళ్లకి ముఖాలు చెయ్యడం నా ఉద్యోగం. రాయదుర్గంలో మా ఆఫీసు. నేను చేసిన ముఖానికి చెమట పడుతుంది, గడ్డం మాసి ఉంటుంది, దగ్గరికెళ్తే ముక్కు మీద రంధ్రాలు కూడా కనిపిస్తాయి. పక్క టీమ్‌లో గిరీష్ ఉన్నాడు. వాడి ఆటలో అందరూ లావుపాటి నల్లగీతల బొమ్మలు, తూటా తగిలితే రక్తం బదులు రంగులు చిమ్ముతాయి. పిల్లల పుట్టినరోజు చేస్తున్నావా అని వాణ్ణి ఏడిపిస్తుంటాను. మనిషి చచ్చాడంటే చూసేవాళ్లు నమ్మాలి కదా. ఈ విషయంలో నాకు కాస్త పొగరని మా ఆయన సాయిచంద్ అంటాడు. కాస్త కాదు, బాగానే ఉంది.

ఈమధ్య ఒక ఆటలో శత్రువుల నాయకుడికి ముఖం కావాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు మేం తెలిసినవాళ్లనే బతిమాలి, చుట్టూ కెమెరాలు బిగించిన గదిలో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుంటాం. నేను మా ఆయన్నే కూర్చోబెట్టాను. అతని ఎడమ కనుబొమని రెండుగా చీలుస్తూ పాత గాటు ఒకటుంది. అక్కడ వెంట్రుకలు మొలవని ఆ సన్నటి దారిని ఎంత ముద్దుగా చేశానో నాకే తెలుసు. క్లయింటు మారుమాట లేకుండా ఒప్పేసుకున్నాడు.

ఆదివారం పొద్దున మణికొండలో మా ఇంట్లో ఆటని టీవీకి కలిపి, నాయకుడు చచ్చిపోయే చోటు సరిచూసుకుంటున్నాను. సాయిచంద్ చికెన్ తేవడానికి వెళ్లాడు. మాతోనే ఉండే అత్తయ్య చంద్రమ్మగారు కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నా తుపాకుల మోతకి అలవాటుపడ్డ మనిషే, తలెత్తి కూడా చూడరు. ఆరోజు ఎందుకో చూశారు. తూటా తగిలిన నాయకుడు మోకాళ్ల మీద కూలి, ముఖం మా వైపు తిప్పి కళ్లు మూశాడు. అత్తయ్య ఒళ్లో పళ్లెం జారి కాయలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"గా గాటు నా కొడుకుది," అన్నారు.

చిన్నప్పుడు అన్నం తినకుండా పరిగెత్తి గడపకి కొట్టుకున్నప్పటి గాటు అది. రక్తం ఆగేదాకా పసుపు అదిమిపెట్టింది ఆవిడే. అది ఉత్త బొమ్మ అని నేను నవ్వబోయేలోపే కొడుక్కి ఫోన్ చేశారు. చికెన్ కొట్టు రద్దీలో అతను ఎత్తలేదు. మళ్లీ చేశారు. నువ్వు చెయ్యమని ఫోన్ నా చేతిలో పెట్టారు. కన్నతల్లినే నమ్మించానని నాకు లోపల గర్వంగా ఉంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాకగానీ సిగ్గు వెయ్యలేదు.

సాయిచంద్ రాగానే అత్తయ్య అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి, ఎండుమిర్చి, రాళ్లుప్పు దిగదుడిచి పొయ్యిలో పడేశారు. అతనికి ఒకటే నవ్వు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. దగ్గుకుంటూ కిటికీలు తెరిచాను.

తర్వాత అత్తయ్య నా పక్కన కూర్చుని, ఆ ముఖం తీసెయ్యమని మెల్లగా అడిగారు. నేను విసుక్కున్నాను. శుక్రవారానికి పంపాలి, అంత బాగా నేను ఇంకోటి చెయ్యలేదు. ఎవరి ముఖం పెట్టినా వాళ్లమ్మకి ఇలాగే ఉంటుంది కదా, ఎవర్ని పెట్టమంటారని అడిగాను. ఆవిడ చెదిరిన కాయలు ఏరుతూ ఆలోచించారు.

"నాది పెట్టు బిడ్డా. నా కోసం పరేషాన్ అయ్యేతందుకు మా అమ్మ లేదు గద ఇప్పుడు."

క్లయింటు ఎలాగూ వద్దంటాడు, సాయిచంద్ ముఖమే నిలబడుతుంది అన్న ధైర్యంతో మర్నాడు ఆవిడని ఆఫీసుకి తీసుకెళ్లాను. ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్లి ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. ఫొటోలు స్క్రీన్ మీదికి రాగానే పెద్దవి చేసి చూడ్డం మొదలుపెట్టాను. ఆ నుదుటి ముడతలు, గడ్డం మీద వెలిసిపోయిన పచ్చబొట్టు చుక్క చూడ్డానికి గిరీష్ కూడా కుర్చీ లాక్కుని వచ్చాడు. నాయకుడు కాస్తా నాయకురాలైంది. క్లయింటు ఎగిరి గంతేశాడు.

గురువారం ఆఖరి పరీక్ష. తూటా నేనే పేల్చి చూపించాలి. స్క్రీన్ మీద అత్తయ్య తుపాకీ పట్టుకుని నన్నే చూస్తున్నారు, అన్నం తిన్నావా అని అడగబోతున్నట్టు. నా వేలు కదల్లేదు. ఇదే అదనని గిరీష్ నన్ను ఏడిపించలేదు. నా చేతిలోంచి మౌస్ తీసుకుని తనే నొక్కాడు. ఆవిడ కూలిపోయారు. నేను చేసిన పనే కాబట్టి, అచ్చం మనిషిలాగే కూలిపోయారు. బాత్రూమ్‌లోకి వెళ్లి బాగా ఏడ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య సీరియల్ చూస్తున్నారు. నేను తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఎండుమిర్చి, ఉప్పు పిడికిట్లో పట్టుకొచ్చి, ఇటు తిరిగి కూర్చోమన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు, తూర్పుకి తిరిగి కూర్చున్నారు. ఎటునుంచి తిప్పాలో నాకు తెలియదు. ఆవిడే నా మణికట్టు పట్టుకుని సరిచేశారు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అన్నాను. ఆ తర్వాత ఏమనాలో తోచక, ఆడేవాళ్ల దిష్టి అన్నాను.

"గా ఆట ఎంతమంది ఆడుతరు?" అని అడిగారు.

లక్షల మంది అని చెప్పాను.

"అయితే ఇంకో పిడికెడు ఉప్పు తెచ్చుకో బిడ్డా."