పోతు చెట్టు రంగు

మధుసూదన్ సేటు బొప్పాయి కాయను రెండుగా కోసి, లోపలికి ఒక్క చూపు చూసి గట్టు మీదకు విసిరేశాడు. కోదాడలో పండ్ల వ్యాపారం చేసే మనిషి. నోటితో పనిలేదు, కన్నే చాలు.

"పసుపు కలరు లక్ష్మీబాయీ. మార్కెట్ల ఎర్రదే అడుగుతరు. దీన్నెవరు కొంటరు?"

తోటంతా అంతే. పాలకీడు పక్క తండాలోని తన తోటలోనే పోయినేడు అన్నిటికంటే ఎర్రగా పండిన బొప్పాయిని ఏరి, ఆ గింజలే దాచి నాటింది లక్ష్మీబాయి. ఎర్ర తల్లికి పసుపు పిల్లలెలా పుట్టాయో ఎవరికీ అంతుపట్టలేదు. దిష్టి తగిలిందన్నారు కొందరు. భర్త రెడ్యా మాత్రం గొడ్డలి నూరుకున్నాడు.

"ఆదివారం దాక సూస్త. అమ్ముడుపోకుంటే కొట్టేసి పత్తి పెడత."

సూర్యాపేటలో డిగ్రీ చదివే కూతురు సింధు ఇంటికొచ్చి కారణం పట్టుకుంది. బావి దగ్గర ఒక పోతు చెట్టుంది. పూయడమే తప్ప కాయదు, మేకలకు నీడ.

"యాడీ, నువ్వు దాచిన కాయ దీని పక్క చెట్టుదే గదా? పుప్పొడి దీన్నుంచే పోయింది. పసుపు గుణం బలమైంది, ఎరుపును పైకి రానియ్యదు. ఇది కాయనే కాయదు, దీని లోపల పసుపుందని ఎవలకు తెలుస్తది?"

తల్లి పకపకా నవ్వింది. "తల్లిని సూసి గింజ తీస్తిమి, తండ్రిని అడగకపోతిమి! తింటే ఏమన్న నష్టమా?"

"ఏం నష్టం? ఎర్రదాంట్ల టమాటల ఉండే రంగే మిగిలిపోతది. పసుపుదాంట్ల అది ఇంకో మెట్టు దాటుతది. విటమిన్ ఎ ఇచ్చే రంగయితది, కండ్లకు మంచిది."

మర్నాడు సేటే ఫోన్ చేశాడు. ఎర్ర కాయల అడుగున ఇవి కలిపి హైదరాబాద్ పంపిస్తాడట. కోసేదాకా ఎవరికీ తెలియదు, ఆమె నోరు మెదపకుంటే చాలు. రెడ్యా ముఖం వెలిగిపోయింది. లక్ష్మీబాయికి ఒళ్లు మండింది.

"నా పండేమన్న దొంగతనం చేసిందా సేటూ? ఎవల కింద దాక్కోదు." ఫోన్ పెట్టేసింది.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!" అని గొణిగాడు రెడ్యా. ఆమెకు మీసాలు లేవు కాబట్టి ఆ మాట తగల్లేదు.

ఆదివారం ఆటోలో కాయలు వేసుకుని మిర్యాలగూడ వెళ్లి, రోడ్డు పక్కన కుప్ప పోసింది. అందరికీ కనబడేలా ఒక పండును నిలువునా కోసి పైన పెట్టింది. "ఎర్రయి లేవా?" అన్న ప్రతివాళ్లకూ "లేవు. పసుపువే. తిని పో" అంటూ ముక్క చేతిలో పెట్టింది. కొందరు తిని కొన్నారు, కొందరు తినకుండానే మూతి ముడిచి పోయారు. ఎండ నెత్తికెక్కినా సగం కుప్ప అలాగే ఉంది.

అప్పుడు రెడ్యా బండి మీద వచ్చాడు. కుప్పను చూసి, "ఇగ సాలు. ఇంటికి పోయి కొట్టేస్త," అన్నాడు.

తండాలో అమ్మే పంటను ఇంట్లో నోట పెట్టే అలవాటు లేదు. లక్ష్మీబాయి ఒక ముక్క కోసి అతని ముందు చాపింది. "ఇన్నాళ్లు నీళ్లు పెట్టినవ్, ఒక్క ముక్క తిన్నవా? సేటు తినలే, నువ్వు తినలే. నోట్లె పెట్టకుండనే ఉరిశిక్షేసినరు!"

రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. తప్పక తిన్నాడు. నమిలాడు. ఇంకో ముక్కకు చెయ్యి చాపాడు.

"ఎట్లుందయ్యా?" అని అడిగింది సంచి పట్టుకున్న ఒక ముసలమ్మ.

రెడ్యా గడ్డం మీద కారిన రసం తుడుచుకున్నాడు. "తోట మాదే," అన్నాడు. "రేపు గూడ తెస్తం."