పళ్లెం అంచున మొదటి ముద్ద

శాంతికి కోపం రాదని అందరూ అనుకునేవారు. సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఆమె పనిచేసే చైల్డ్‌కేర్‌లో పిల్లలు గోడల నిండా రంగులు పూసినా ఆమె గొంతు పెరగదు. అలాంటి మనిషి ఆ శనివారం ద్రాక్షతోటల హంటర్ వ్యాలీలో, నిండుగా జనం భోంచేస్తున్న హోటల్లో, చేతిలో స్పూను పళ్లెంలోకి విసిరికొట్టింది.

ఆ ప్రయాణం పెట్టింది జనార్దనరావు. మెల్‌బోర్న్‌లో గుండె డాక్టరుగా పనిచేసి రిటైరై, అక్కడే పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకుని, ఇప్పుడు తీరిగ్గా వైన్ గురించి నేర్చుకుంటున్నాడాయన. శాంతి భర్త, మత్తు డాక్టరు వాసుదేవరావు కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు ఆయన మాటసాయంతోనే మొదటి ఉద్యోగం దొరికింది. అందుకని ఆయన, భార్య శ్యామసుందరితో సిడ్నీ వచ్చి, "శనివారం హంటర్ వ్యాలీ. లంచ్ నా ఛాయిస్, నో ఆర్గ్యుమెంట్స్" అన్నప్పుడు వాసుదేవరావుకి కాదనే నోరు లేకపోయింది.

"మనం తాగకపోతేనేం, చూసొద్దాం. చీజ్, ఆలివ్‌లు, అప్పుడే కాల్చిన బ్రెడ్డు, అన్నీ ఉంటాయట" అన్నాడు భార్యతో. శాంతి కూడా సరదా పడింది. కొత్త ఊరి తిండి చూడటం ఆమెకిష్టమే. తినగలిగింది తింటుంది, తినలేనిది చూసి ఆనందిస్తుంది.

ద్రాక్షతోటల్లో అప్పుడే కొత్త చిగుళ్లు వచ్చాయి. ఒక్కో వరస మొదట్లో ఒక్కో గులాబీ మొక్క ఉంది. తెగులు వస్తే ముందు గులాబీకి పడుతుందని, దాన్ని చూసి ద్రాక్షని కాపాడుకునేవారని అక్కడి ఆవిడ చెప్పింది. ఇంట్లో దేవుడికి ఒక పువ్వు కావాలని శాంతి అడిగితే నవ్వుతూ కోసిచ్చింది. ఆ పువ్వుని తడి రుమాల్లో చుట్టి శాంతి కార్లో దాచింది.

తరవాత చీజ్ దుకాణం. చీజ్ చేయాలంటే పాలు విరగ్గొట్టాలి. దానికి కొందరు దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు, కొందరు వాడరు. శాంతి ఆ సంగతే అడిగింది. దుకాణం అతను ఏమాత్రం విసుక్కోకుండా ఇవి మీరు తినొచ్చు, ఇవి వద్దు అని వేరు చేసి చూపించాడు.

"అమ్మా శాంతీ, నిన్ను ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు ఉద్యోగంలోకి ఎందుకు తీసుకోలేదమ్మా? దేశానికి నష్టం" అన్నాడు జనార్దనరావు.

అందరూ నవ్వారు. శాంతీ నవ్వింది. వాసుదేవరావు మాత్రం ఆమె పక్కకి జరిగి, "ప్రతిచోటా అడగాలా? సార్ ముందు బాగుండదు" అని గొణిగాడు.

"అడిగితే చెప్పాడుగా. ఏం, కొట్టాడా?" అందామె తేలిగ్గా.

భోజనానికి తోట పక్కనే అద్దాల గోడలున్న హోటల్లో కూర్చున్నారు. జనార్దనరావు గ్లాసు తిప్పి, ముక్కు లోపల పెట్టి, కళ్లు మూసుకుని, "వానలో తడిసిన రాయి వాసన... తెలుస్తోందా వాసూ?" అన్నాడు.

"పెళ్లయిన కొత్తలో చారులో ఇంగువ వేశానో లేదో తెలిసేది కాదు ఈయనకి. ఇప్పుడు రాళ్ల వాసన తెలుస్తోందట" అంది శ్యామసుందరి.

శాంతి నవ్వుకుంటూ చేతులు కడుక్కోవడానికి లేచింది. వెళ్తూ భర్తతో, "గుమ్మడికాయ రిసోట్టో అని ఉంది, బియ్యంతో చేస్తారట. నాకది చెప్పండి. చీజ్ వద్దనండి. దాన్ని ఏ నీళ్లలో ఉడకబెడతారో కూడా అడగండి, మర్చిపోకండేం" అంది.

"అడుగుతాలే" అన్నాడు వాసుదేవరావు.

తిరిగొచ్చేసరికి ఆర్డరు ఇవ్వడం అయిపోయింది. "అడిగారా?" అంటే, "ఆ, అడిగాను" అన్నాడు. కాసేపటికి పళ్లేలు వచ్చాయి. రిసోట్టో బంగారు రంగులో, పొగలు కక్కుతూ, మెత్తగా కలిపిన పప్పన్నంలా ఉంది.

ఎక్కడ తిన్నా శాంతికి ఒక పద్ధతి ఉంది. మొదటి ముద్ద పళ్లెం అంచున పెట్టి, కళ్లు మూసుకుని, ఏడుకొండలవాడికి చూపించి, ఆ తరవాతే తింటుంది. మంత్రాలేమీ రావామెకి. 'స్వామీ, ఎక్కడో ద్రాక్షతోటల్లో పండిన గుమ్మడికాయ ఇది. ముందు నువ్వు రుచి చూడు' అనుకుంది మనసులో. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. తనమీద గౌరవంతో ఊరుకున్నారనుకుంది.

తిన్నది చాలా రుచిగా ఉంది. ఖాళీ గ్లాసులు తీయడానికి వచ్చిన వెయిట్రెస్‌ని ఆపి, ఇంట్లో చేసుకోవాలని ఉంది, ఈ కమ్మదనం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇంగ్లీషులో అడిగింది.

"అంతా స్టాక్‌లో ఉంది. మా చెఫ్ కోడి ఎముకల్ని గంటల తరబడి మరిగించి తీస్తాడు" అంది ఆ పిల్ల గర్వంగా. అంతలోనే శాంతి మొహం చూసి కంగారుపడింది. "మీ ఆయనకి చెప్పానండీ. కావాలంటే కూరగాయల స్టాక్‌తో విడిగా చేయిస్తాను, కొంచెం ఆలస్యమవుతుంది అన్నాను. నో వరీస్, ఇదే తెచ్చెయ్యమన్నారు."

స్పూను అప్పుడే ఎగిరిపడింది.

శాంతి భర్త వంక చూసింది. ఆయన నీళ్ల గ్లాసు వంక చూస్తున్నాడు. శ్యామసుందరి తల వంచేసుకుంది. అంటే ఆమెకీ తెలుసు. తను కళ్లు మూసుకుని దేవుణ్ణి పిలుస్తుంటే, తెలిసి, ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు.

"శాంతీ, ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అన్నాడు వాసుదేవరావు.

"చూడనివ్వండి. ఇందాక మీరు చూడలేదూ? బాగా కనిపించిందా?"

"అమ్మా, నేనే అన్నాను" అన్నాడు జనార్దనరావు. "స్టాక్ అంటే ఏముందమ్మా, జస్ట్ వాటర్. ముక్క లేదు, మాంసం లేదు. ఆలస్యమైతే తరవాతి వైన్ టేస్టింగ్ మిస్సవుతాం. అయినా తెలియక తింటే దోషం లేదు. కాళహస్తిలో శివుడికి ఆ బోయవాడు వేటమాంసం పెట్టలేదూ? స్వామి తినలేదూ?"

"పెట్టాడు అన్నయ్యగారూ. తనకేది ఇష్టమో అది తెలిసి, ప్రేమగా పెట్టాడు. పక్కనుంచి ఎవరూ అతన్ని మోసం చేసి పెట్టించలేదు." శాంతి గొంతు పెరిగింది. "నేను తిన్నదానికి నోరు కడుక్కుంటాను. ఆయనకి పెట్టానే, దానికేం చేయమంటారు? మా చైల్డ్‌కేర్‌లో ఓ పిల్లాడికి గుడ్డు పడదంటే వాడి పళ్లెం వేరు, వాడి గరిటె వేరు. నాలుగేళ్లవాడి మాటకి అంత విలువుంది. ఇంత వయసొచ్చి, నోరు తెరిచి అడిగినదాన్ని, నా మాటకి ఒక టేస్టింగ్ పాటి విలువ లేకపోయింది!"

వెయిట్రెస్ బిత్తరపోయి నిలబడింది. "నీ తప్పేం లేదమ్మా, నువ్వొక్కదానివే నిజం చెప్పావు" అని ఆ పిల్ల భుజం తట్టి, శాంతి బయటికి నడిచింది.

జనార్దనరావు దంపతులు వాళ్ల అద్దె కారులో వెళ్లిపోయారు. వాసుదేవరావు కారు తీశాడు. హైవే ఎక్కాక మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆయనకి ఎదురు చెప్పలేకపోయాను శాంతీ. మొహమాటం. నీకు తెలియకపోతే బాధ ఉండదు కదా అనుకున్నాను."

"మీరు మత్తు డాక్టరు. మనిషికి తెలియకుండా పని జరిపించడం అలవాటే" అంది శాంతి, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "అక్కడైనా ముందు అంతా చెప్పి, సంతకం పెట్టించుకునే కదండీ మత్తిస్తారు? నన్ను ఆపాటి కూడా అడగలేదు."



దారి పొడవునా శాంతి ఆలోచిస్తూనే ఉంది. స్వామికి కోపం వస్తుందా? రాకపోవచ్చు. ఎవరు ఏ మనసుతో పెట్టారో ఆయనకి తెలియదా? పోనీ ఆయన క్షమించేస్తే తనూ ఊరుకోవాలా? దేవుడు దయగలవాడని ఆయన పేరు చెప్పుకుని మనుషులు ఎంతకైనా తెగించొచ్చా?  కోపం పెనంమీద నూనెలా కాగుతూనే ఉంది.

ఇల్లు చేరేసరికి దీపాలవేళైంది. శాంతి తలస్నానం చేసి వచ్చింది. దేవుడి గదిలోకి మాత్రం వెళ్లలేదు. హాల్లో కూర్చున్న భర్త ముందుకి వచ్చి, రుమాల్లోంచి గులాబీ తీసి ఆయన చేతికిచ్చింది. రేకుల అంచులు నల్లబడ్డాయి.

"స్నానం చేసి, ఇది మీరు పెట్టండి. పెట్టి, ఏం జరిగిందో మీరే చెప్పండి."

"నేనా? దేవుడికా?" పండగలకి ఒక దండం పెట్టడం తప్ప వాసుదేవరావు ఆ గదిలో నోరు విప్పి ఎరుగడు. "ఏమని చెప్పను శాంతీ?"

"ఆ హోటల్ పిల్లతో తేలిగ్గానే అన్నారుగా. ఆ మాటే అనండి."

ఆయన స్నానం చేసి వచ్చి, పువ్వు పటం ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శాంతి గుమ్మం బయటే ఉండిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.  వెనక్కి తిరిగి ఆమె వంక చూశాడు. ఆమె కదల్లేదు.

"స్వామీ..." అన్నాడు చివరికి, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు. "ఆవిడ అడగమంది. నేను అడిగాను. తెలుసుకున్నాను. తెలిసే చెప్పలేదు. ఆవిడ కళ్లు మూసుకుంటే... చూస్తూ కూర్చున్నాను."  

శాంతి కోపం తగ్గలేదు. కానీ గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఆయన పక్కన నిలబడకుండా, కాస్త ఎడంగా కూర్చుని దీపం వెలిగించింది. తరవాత వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది.

అన్నం ఉడికాక వాసుదేవరావు తనే వడ్డించాడు. శాంతి పళ్లెం అంచున మొదటి ముద్ద పెట్టి, కళ్లు మూసుకోబోతూ ఆగి భర్త మొహంలోకి చూసింది. ఇకముందు ప్రతిసారీ ఇలా చూడాల్సి వస్తుందేమోనని ఆమెకి ఏడుపొచ్చింది.

"ఉత్త అన్నం, నెయ్యి. అంతే శాంతీ" అన్నాడు వాసుదేవరావు, ఆమె అడగకుండానే.

శాంతి కళ్లు మూసుకుంది.