పలకని నెంబర్లు

కొత్తపేట సెంటరు దాటాక కాలవగట్టు పక్కన డాక్టర్ ఆంజనేయప్రసాద్ గారి ఆసుపత్రి ఉంది. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్లన్నింటా పేరు. వానాకాలం జ్వరాలు మొదలైతే చాలు, జనం వరండా నిండిపోయి రోడ్డు మీదకి వచ్చేస్తారు. ఆ ఏడు గేటు దగ్గర తోపులాట జరిగి ఒక ముసలమ్మ కింద పడింది. ఎవరో అదంతా ఫోనులో వీడియో తీసి ఊరంతా తిప్పారు. డాక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే షైనీని పిలిపించారు.

"ఏదో క్యూయింగ్ థియరీ అంటారట కదమ్మా. బ్యాంకుల్లో, పెట్రోలు బంకుల్లో జనం ఎంతసేపు నిలబడాలో లెక్కకట్టి చెబుతారంట. మాకూ ఆ లెక్కేదో చూసి పెట్టు," అన్నారు.

షైనీ సంబరపడింది. బోర్డు మీద రాసి చెరిపేసే సూత్రాలు మొదటిసారి మనుషులకి పనికొస్తాయనుకుంది. కొన్నాళ్లపాటు పొద్దున్నే వచ్చి గేటు పక్కన కూర్చుంది. జనం ఏ వేళకి ఎలా వస్తున్నారో, డాక్టరు గారు ఒక్కొక్కరినీ ఎంతసేపు చూస్తున్నారో గమనించింది. చివరికి ఆయన గదిలో కూర్చుని తేల్చి చెప్పింది.

"మీకు క్షణం తీరికుండట్లేదండీ. అదే ప్రమాదం. గట్టు అంచుదాకా నిండిన గోదారికి ఇంకో చిన్న వాన చాలు కదండీ. ఇదీ అంతే. వచ్చే జనం మీరు చూడగలిగినంతకి దగ్గరపడ్డాక లైను కొంచెం కొంచెంగా పెరగదండీ, విరుచుకుపడుతుంది. పొద్దుటి పూట ఇంకో డాక్టరుండాలి. అదీ కాక, లైన్లో ఉన్నవాళ్లని ముందు ఒక నర్సు చూసి, బొత్తిగా ఓపిక లేనివాళ్లని ముందుగా లోపలికి పంపాలండీ."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నారు. "ఇంకో డాక్టరొచ్చినా జనం నా కోసమే కూర్చుంటారమ్మా. ఒకరిని ముందుకి పంపితే మిగతావాళ్లు ఊరుకుంటారా? అవన్నీ వద్దు. లైను కనబడకుండా చెయ్యి, చాలు."

షైనీ కాదనలేకపోయింది. వచ్చినవాళ్లకి నెంబరు చీటీ, గోడకి టీవీ, అందులోంచి నెంబరు పిలిచే ఆడగొంతు, వెనక కొబ్బరితోటలో కుర్చీలు వేసిన రేకుల షెడ్డు ఏర్పాటయ్యాయి. గేటు ఖాళీ అయింది. కొన్ని వారాలకే రోగులు ఆగాల్సిన సమయం సగానికి పడిపోయిందని కంప్యూటరు చూపించింది. డాక్టరు గారు అందరికీ కాజాలు పంచారు. అమలాపురంలో జరగబోయే ఆసుపత్రుల వాళ్ల మీటింగులో నువ్వే మాట్లాడాలని షైనీతో అన్నారు.

ఆ రాత్రి నుంచీ షైనీకి మనసులో ఏదో ముల్లు. జ్వరాలు తగ్గలేదు. డాక్టరు గారి వేగం పెరగలేదు. మరి లైను ఎలా కరిగిపోయింది? తను చదువుకున్న ఏ సూత్రమూ అందుకు ఒప్పుకోదు.

మర్నాడు వెళ్లి కౌంటరు వెనక నిలబడింది. టీవీ ఒక నెంబరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది. కౌంటరులో కూర్చునే సత్యదుర్గ తలెత్తకుండానే మీట నొక్కింది. తరవాతి నెంబరు వచ్చింది. కాసేపటికి ఇంకొకటి పలకలేదు.

"వీళ్లంతా ఎక్కడికెళ్తున్నారు దుర్గా?"

"కూర్చోలేక ఎల్లిపోతారండీ మేడం గారూ. ఆయ్, మామూలేనండి."

"వాళ్లు ఆగిన సమయం లెక్కలోకి వస్తుందా?"

"లోపలికెళ్లినోళ్లదే వస్తాదండీ. లేనోళ్లది ఎలా వస్తాదండీ?"

షైనీకి అర్థమైంది. ఎక్కువసేపు ఆగాల్సినవాళ్లు మధ్యలోనే రాలిపోతున్నారు. తొందరగా లోపలికి వెళ్లినవాళ్లే లెక్కకి మిగులుతున్నారు. ఓపిక ఉన్నవాడు ఎంతసేపైనా కూర్చుంటాడు. కూర్చోలేనిది ఎవరు?

రెండు రోజుల కిందట షెడ్డులో దుప్పటి కప్పుకుని వణికిపోతున్న పెద్దాయన గుర్తొచ్చాడు. పలివెల నుంచి వచ్చామని, పేరు కొండయ్య అని ఆయన భార్య చెప్పింది. మా నెంబరెప్పుడొస్తాదమ్మా అని అడిగింది. షైనీ టీవీ వంక చూసి, కాసేపట్లో పిలుస్తారండీ అని నవ్వుతూ చెప్పి తన పనిలో పడిపోయింది.

"దుర్గా, పలివెల కొండయ్య గారిని డాక్టరు గారు చూశారా?"

సత్యదుర్గ కంప్యూటర్లో వెతికింది. "పిలిచేమండీ. పలకలేదండీ."

షైనీ స్కూటరు తీసింది. పలివెల చేరేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుంది. గుడి వెనక వీధిలో కొండయ్య ఇల్లు అడిగితే ఒకావిడ చేత్తో చూపించింది. ఇంటి ముందు టార్పాలిన్ కట్టి ఉంది. కుర్చీల్లో మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. షైనీ స్కూటరు దూరంగానే ఆపేసింది.

గోడవార కూర్చున్న కొండయ్య భార్య అప్పాయమ్మే ఆమెని గుర్తుపట్టింది.

"మీరాండీ? ఆసుపత్రమ్మాయి గారు. రండి."

షైనీ ఆమె పక్కన నేల మీద కూలబడింది. అప్పాయమ్మ తనే చెప్పింది.

"లోపలికెళ్లి చెబుతానండీ అంటే ఆయనే వద్దన్నారమ్మా. అందరూ కూర్చున్నారు కదే, మనమొక్కళ్లం ఎగబడితే ఏం మర్యాదన్నారు. ఇంటికి పోదాం, పొద్దున్నే వద్దాం అన్నారు. ఆటోలో నా భుజమ్మీద వాలిపోయేరండీ. పాపం, పడుకున్నారనుకున్నాను."

ఆ గొంతులో నింద లేదు. అదే షైనీ తట్టుకోలేకపోయింది.

సాయంత్రం విషయం చెబితే డాక్టరు గారి ముఖం పాలిపోయింది. కిటికీలోంచి కాలవ వైపు తిరిగారు. "నా ముందుకు రాని మనిషికి నేనేం చెయ్యగలనమ్మా?" అన్నారు.

"రాలేకపోయారండీ. ఒక్క నర్సుని షెడ్డులో పెట్టండి. రేపటి నుంచే."

"చూద్దాం. ఈ సీజను గడవనీ. మీటింగులో మాత్రం ఈ మాట ఎత్తకు."

షైనీ అమలాపురం వెళ్లింది, ఆ మాటే ఎత్తింది. మా లైను తగ్గలేదండీ, మనుషులు తగ్గారు అని మొదలుపెట్టి, కొండయ్య సంగతి పేరు చెప్పకుండా చెప్పింది. ముందువరసలో ఆంజనేయప్రసాద్ గారు నేల చూపులు చూస్తున్నారు. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నారు.

"చాలా బాధాకరమండీ. అది సరే గాని, ఆ టీవీ ఏర్పాటు ఎవరు చేసేరండీ? మాకూ గేటు దగ్గర మహా ఇబ్బందిగా ఉంది."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలలూపారు.

ఆ మర్నాటి నుంచి షైనీని ఆసుపత్రిలోకి రానివ్వలేదు. నర్సుని పెట్టనూ లేదు. దసరాలోగా మరికొన్ని ఊళ్లలో ఆ ఆడగొంతు నెంబర్లు పిలవడం మొదలెట్టింది.

ఇప్పుడామె రోజూ కాలేజీకి వెళ్లేముందు ఆసుపత్రి గేటు బయట, రోడ్డు మీద నిలబడుతుంది. రోడ్డు ఎవరిదీ కాదు గనక వాచ్‌మన్ ఏమీ అనలేడు. ఆటో దిగేవాళ్ల ముఖాలు చూస్తుంది, నుదురు తాకుతుంది, ఆయాసపడుతున్నారా అని అడుగుతుంది. మరీ బాగోలేనివాళ్లని బతిమాలి అదే ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి పంపేస్తుంది. కొందరు వింటారు. కొందరు ఈవిడెవరని కసురుకుని లోపలికి పోతారు.

మబ్బు పట్టిన పొద్దుల్లో కాలవగట్టు మీద ఆటోలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఆమె ఒకదాంట్లోకి తొంగిచూసేలోగా, వెనకవి ఆమెని దాటుకుని లోపలికి వెళ్లిపోతాయి.