నాలుగు నిమిషాల కంప్యూటర్

వానాయన ఇంట్లో కంప్యూటర్ లేవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. బటన్ నొక్కగానే లోపల ఫ్యాన్ గుర్రుమనేది. తర్వాత ఎవరో గోడ గీరుతున్నట్టు చప్పుడు. తర్వాత నల్ల తెర, ఆ పైన నీలం తెర, ఆ పైన చాలాసేపు ఏమీ లేదు. చివరికి చిన్న పాట ఒకటి మోగి, బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చి కూర్చునేవి. ఆ ఇంటికి వచ్చినవాళ్లలో దాన్ని వెక్కిరించనివాళ్లు లేరు. ఆ నాలుగు నిమిషాలు ఆ ఇంటికి ఏమవుతాయో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇంటావిడకే తెలియనప్పుడు ఇక పైవాళ్లను అనడం దేనికి?

ఇంటావిడ టైలరమ్మ. ముందు గదిలో కిటికీ దగ్గర మిషన్ వేసుకుని వీధిలో సగం మందికి బట్టలు కుడుతుంది. ఆమె భర్త ముప్ఫై ఒక్కేళ్లు వాతావరణ కేంద్రంలో వాన కొలిచాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని వానాయన అంటుంది. ఉద్యోగం దిగిపోయాక పెరట్లో సొంతంగా ఒక వాన కొలిచే గొట్టం పాతుకున్నాడు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలత. ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి కాదు, ఎనిమిదీ ముప్ఫై ఒకటికి కాదు. ఎండాకాలంలో గొట్టంలో దుమ్ము తప్ప ఏమీ ఉండదని తెలిసి కూడా వెళ్లి, వంగి, చూసి, లోపలికొచ్చి కంప్యూటర్లో సున్న రాసేవాడు. “సున్న కూడా కొలతే” అనేవాడు.

ఆయన చెప్పిందే చెప్పే కథ ఇంకొకటి ఉంది. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, మొదలుపెట్టేవాడు. వాతావరణ కేంద్రంలో ఒకరు తెరిచిన రిజిస్టరు మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదట. డ్యూటీలో ఉన్నవాడు తన అంకె రాసి, మూసి, కుర్చీలోంచి లేచాకే తర్వాతివాడు కూర్చోవాలట. ఎవరో తొందరపడి కూర్చుని రాస్తే ఒక నెల లెక్కంతా తలకిందులైందట. “తెరిచి ఉన్న పుస్తకం ముందు నిలబడాలి గానీ కూర్చోకూడదు” అని ముగించేవాడు. టైలరమ్మ ఈ కథ ఎన్నిసార్లు విందంటే, ఆయన మొదలుపెట్టగానే కూర వడ్డించడానికి లేచిపోయేది.

మూడేళ్ల కిందట ఆయనకు మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు పోయాయి, తర్వాత వీధి మలుపులు, ఆ తర్వాత మనుషులు. డాక్టరమ్మ ఆ జబ్బుకు ఏదో పేరు చెప్పింది గానీ టైలరమ్మ దాన్ని బుర్రకెక్కించుకోలేదు. పేరు తెలిసినంత మాత్రాన తగ్గుతుందా? ఒక్క మాట మాత్రం పట్టుకుంది. “ఆయనకు అలవాటైనవి ఏవీ మార్చకండమ్మా” అంది డాక్టరమ్మ.

మార్చడానికి ఇంకేం మిగిలింది గనక? మిగిలింది పొద్దుటి కొలత ఒక్కటే. గోడ మీది గడియారం ఎనిమిదిన్నర చూపించగానే, అప్పటిదాకా ఎవరింట్లో ఉన్నాడో తెలియక బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మనిషి లేచి పెరట్లోకి నడిచేవాడు. అంకెను కాగితం ముక్క మీద వేసుకుని వచ్చి కంప్యూటర్ బటన్ నొక్కేవాడు. ఆ తర్వాత ఏం చేసేవాడో టైలరమ్మ ఎప్పుడూ చూడలేదు. వెలుతురు కోసం ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది, వీపు ఆయన వైపు ఉంటుంది. కాసేపటికి పాట మోగేది, కీబోర్డు టకటకలాడేది. అప్పుడు వెనకనుంచి ఆ గొంతు వినిపించేది.

“ఏమోయ్, పన్నెండున్నర మిల్లీమీటర్లు. నీ బట్టలు ఇవాళ ఆరినట్టే!”

ఆ ‘ఏమోయ్’ కోసమే ఆమె పొద్దున లేచేది. అంకె రాసిన మనిషికి భార్య ఎవరో తెలిసిపోయేది. అప్పటినుంచి మధ్యాహ్నం దాకా ఆయన ఆమె మొగుడే. కూరలో ఉప్పు చాలలేదనేవాడు, కుట్టు వంకర పోయిందని ఎగతాళి చేసేవాడు. మధ్యాహ్నం నిద్ర లేచాక మళ్లీ మామూలే. చేతులు ఒళ్లో పెట్టుకుని, మర్యాదగా, “అమ్మా, మీ పని అయిపోతే మీరు వెళ్లండి. మా ఆవిడ వచ్చేస్తుంది” అనేవాడు. ఆమె అలాగేనండీ అని వంటింట్లోకి వెళ్లి, ఏడవాలనిపిస్తే ఏడ్చి, ముఖం కడుక్కుని, మర్నాటి పొద్దుటి కోసం కాచుకునేది. పూటకు పూట అలా నడిచిపోయేది.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు కంప్యూటర్ లోపల గీరుడు ఎక్కువైంది. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. టైలరమ్మ ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా దాన్ని గోనెసంచిలో చుట్టి మెకానిక్ షాపుకు పట్టుకెళ్లింది. ఆమె వెనకాలే మరిది కూడా వచ్చాడు. ఈ మరిది గురించి ఒక మాట చెప్పాలి. అతనికి తెలియని సంగతి లేదు, పిలవకపోయినా వెళ్లని చోటు లేదు. తమ్ముడి సలహాలను వానాయన మంచి రోజుల్లో ‘కొలతకు అందని వాన’ అనేవాడు. చప్పుడే గానీ గొట్టంలో చుక్క ఉండదని.

మెకానిక్ మూత విప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. “డిస్కు పోతోందమ్మా. మార్చేద్దాం, కాస్త మెమరీ కూడా పెంచుదాం. లోపల ఉన్న మీ ఫైళ్లు తీసి ఇస్తాను. ఆపరేటింగ్ సిస్టం ఏది వెయ్యమంటారు?”

“అంటే?”

“మీ కుట్టుమిషన్‌ను తొక్కే కాలు ఉంటుంది కదా, ఇది కంప్యూటర్‌కు ఆ కాలు. మూడు రకాలున్నాయి. ఇప్పుడు కంపెనీవాళ్లు అమ్ముతున్న కొత్తది ఒకటి. దాన్ని మీ మెషిన్ మొయ్యలేదు, రెండడుగులేసి కూలబడుతుంది.”

“కొత్తదే వేయించండి వదినా, ఎన్నాళ్లని పాతది పట్టుకు వేలాడతారు?” అన్నాడు మరిది.

“మొయ్యలేదంటున్నారు కదయ్యా” అంది ఆమె.

“రెండోది, ఇప్పుడున్న పాతదే మళ్లీ వెయ్యడం” అన్నాడు మెకానిక్. “కంపెనీ దాన్ని గాలికొదిలేసి ఏళ్లయింది. మీకు నెట్ లేదు కాబట్టి ప్రమాదమేమీ లేదనుకోండి. కానీ మళ్లీ ఇలాగే నాలుగు నిమిషాలు కూర్చోబెడుతుంది. మూడోది ఊరకే వచ్చేది, ఎవరెవరో కలిసి రాసి లోకానికి వదిలేశారు. చాలా తేలిక. కావాలంటే దానికి పాతదాని వేషమే వేస్తాను, తేడా తెలియదు. ఇరవై సెకన్లలో లేచి కూర్చుంటుంది.”

టైలరమ్మ గంటసేపు ఆ బల్ల దగ్గరే నిలబడింది. డాక్టరమ్మ మాట మరిచిపోయిందనుకోకండి, దాన్నే తలుచుకుంటూ నిలబడింది. పాతదే వేయిస్తే మళ్లీ ఎప్పుడు మొరాయిస్తుందోనని భయం. మూడోదైతే మెకానిక్ పాతికసార్లు భరోసా ఇచ్చాడు. అన్నిటికన్నా ఆమెను లొంగదీసింది ఆ ఇరవై సెకన్ల మాటే. ముసలిప్రాణం రోజూ నాలుగు నిమిషాలు ఆ నల్ల తెర ముందు పడిగాపులు కాస్తోందని ఆమెకు ఎన్నాళ్లుగానో జాలి. ఆ బాధ అయినా తప్పిద్దామనుకుంది. జాలితో చేసిన పనే ఆమె కొంప ముంచింది.

“మూడోదే వెయ్యండి. కానీ అన్నీ ఇప్పుడున్నట్టే ఉండాలి” అంది.

అన్నీ ఉన్నట్టే చేయించింది కూడా. చిరిగినచోట అతుకు వేసేటప్పుడు రంగు కలిపినట్టు, తెర కింది పట్టీ రంగు పాతదాని పక్కన పెట్టి కలిపించింది. పచ్చ బటన్ ఎడమ మూలన, లెక్కల ఫైలు పైనుంచి మూడోది, తెర వెనక అదే నీలం, లేచాక మోగే పాట కూడా అదే. బొమ్మల మధ్య ఎడాన్ని టేపుతో కొలిచింది. మెకానిక్ నవ్వి, “అమ్మా, మీకు బట్టలు కుట్టించుకునేవాళ్లు అదృష్టవంతులు” అన్నాడు. ఆమె కూడా నవ్వింది. కొలవాల్సినవన్నీ కొలిచింది, సమయం ఒక్కటి తప్ప.

మర్నాడు పొద్దున ఆమె మొట్టమొదటిసారి కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుంది. చటుక్కున లేచే కంప్యూటర్ చూసి ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలని ముచ్చట. ఎనిమిదిన్నరకు ఆయన లేచాడు, పెరట్లోకెళ్లి కొలిచాడు, కాగితంతో లోపలికొచ్చాడు, బటన్ నొక్కాడు. నొక్కి, తెర వైపు చూడనే లేదు. వెనక్కి తిరిగి కొలత గ్లాసు కడిగి కిటికీ గట్టు మీద బోర్లించడానికి వెళ్లాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, రోజూ బోర్లించి ఉండే గ్లాసు, చింపి ఉండే క్యాలెండర్, చెక్కి ఉండే పెన్సిలు ఏ వేళ పనులో. ఆయన పడిగాపులు కాయడం లేదు. గ్లాసు బోర్లిస్తాడు, కళ్లజోడు తుడుస్తాడు, క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపుతాడు, పెన్సిలు చెక్కుతాడు. ఆ పనులన్నీ అయ్యేసరికి పాట మోగాలి, అప్పుడు ఆయన కూర్చోవాలి. వాతావరణ కేంద్రంలో డ్యూటీ అందుకునే ముందు చేసిన పనులే అవన్నీ. ఆయన తనలోకి తాను నడిచి వచ్చే దారి అది.

ఆ రోజు పాట ఆయన కళ్లజోడు తుడవబోతుండగానే మోగింది.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. తెర వెలిగి ఉంది, బొమ్మలన్నీ వచ్చి ఉన్నాయి. తుడవని కళ్లజోడు చేతిలో పట్టుకుని ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. కుర్చీని చూశాడు. కుర్చీకి రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు.

“కూర్చోండి, ఏవండీ” అంది ఆమె.

“ఎవరో తెరిచారమ్మా” అన్నాడు. “డ్యూటీలో ఎవరున్నారో. ఆయన వచ్చి తన లెక్క మూసెయ్యనివ్వండి.”

“ఎవరూ లేరండీ. మీరే. ఇది మీదే.”

“అలా కూర్చోకూడదమ్మా. తప్పు” అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

పది గంటల దాకా అలాగే నిలబడ్డాడు. చివరికి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆమెకు నమస్కారం పెట్టి మూల కుర్చీలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు ‘ఏమోయ్’ వినిపించలేదు.

“అలవాటవుతుంది వదినా, వారం ఓపిక పట్టండి” అన్నాడు మరిది. ఆమె వారం ఓపిక పట్టింది. ఆ వారం నిలువెత్తు పొరపాటని నేనంటాను గానీ, ఆమె స్థానంలో ఎవరున్నా పట్టేవాళ్లే. రోజూ ఆయన నిలబడటం, రోజూ ఆమె బతిమాలడం. ఒకరోజు చెయ్యి పట్టి కూర్చోబెట్టబోతే, ఎన్నడూ గొంతెత్తని మనిషి, “పరాయివాడి లెక్క మీద నన్ను రాయమంటారా?” అని అరిచాడు. ఆ అరుపుకు ఆయనే భయపడ్డాడు. ఎనిమిదో రోజు ఆమె షాపుకు పరిగెత్తితే తాళం వేసి ఉంది. మెకానిక్ తల్లికి ఆపరేషనట, ఊళ్లో లేడట. తొమ్మిదో రోజు ఆయన గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. పన్నెండో రోజు గడియారం ఎనిమిదిన్నర చూపించింది. ఆయన దాన్ని చూశాడు గానీ లేవలేదు.

ఇరవయ్యో రోజున మెకానిక్ తిరిగొచ్చాడు. సంగతంతా విని తల కిందికి వంచుకున్నాడు. “నాతో ఒక్క మాట చెప్పి ఉంటే...” అన్నాడు.

“నాకు తెలిస్తే కదా చెప్పడానికి” అంది టైలరమ్మ. “పాతదే వెయ్యండి. మెమరీ పెంచారు కదా, అదీ తీసెయ్యండి. నాలుగు నిమిషాలు పట్టాలి.”

అతను సాయంత్రానికల్లా చేసిచ్చాడు. బటన్ నొక్కి వాచీ చూసుకుని మరీ ఇచ్చాడు. మూడు నిమిషాల యాభై సెకన్లు. లోకంలో కంప్యూటర్‌ను నిదానం చేయించుకుని సంతోషంగా ఇంటికి మోసుకెళ్లిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు ఆమే బటన్ నొక్కింది. ఫ్యాన్ గుర్రుమంది, నల్ల తెర వచ్చింది, నీలం తెర వచ్చింది. నాలుగు నిమిషాలకు పాట మోగింది. మూల కుర్చీలో ఆయన తల ఒక్కసారి పైకి లేచింది. ఆయన పాట వచ్చిన వైపు చూసి, పక్కింట్లో రేడియో పెట్టారనుకున్నాడో ఏమో, మళ్లీ తల దించుకున్నాడు. గ్లాసు తెచ్చి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. వారం రోజులు అలాగే చేసింది. ఆ తల మళ్లీ లేవలేదు. కంప్యూటర్‌లో ఏది వేస్తే ఏం తిరిగొస్తుందో మెకానిక్‌కు తెలుసు. ఈయనలో ఏది వెయ్యాలో డాక్టరమ్మకే తెలియదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒక రాత్రంతా కురిసి పొద్దుటికి తెరిపిచ్చింది. టైలరమ్మ ఎనిమిదిన్నరకు గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. బురదలో వంగి, గొట్టంలోని నీళ్లు గ్లాసులోకి వంపి, ఆయన చెప్పినట్టే కంటికి ఎదురుగా పట్టుకుని చూసింది. ముప్ఫై ఎనిమిది. కాగితం మీద వేసుకుంది. లోపలికొచ్చి బటన్ నొక్కింది. గ్లాసు కడిగి బోర్లించింది. తన కళ్లజోడు తుడుచుకుంది, క్యాలెండర్ కాగితాలు దొంతరగా చింపింది, పెన్సిలు చెక్కింది. పాట మోగింది. కూర్చుని, పైనుంచి మూడో ఫైలు తెరిచి, నెల రోజుల ఖాళీ గళ్ల కింద ఆ అంకె కొట్టింది. కుర్చీ తిప్పింది.

“ఏవండీ, ముప్ఫై ఎనిమిది” అంది. “నా బట్టలు ఇవాళ ఆరినట్టే.”

ఆయన ముఖం విప్పారింది. ఎన్నాళ్లకో ఆ కళ్లల్లో వెలుగు చూసి ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

“ముప్ఫై ఎనిమిదా! మంచి వానే” అన్నాడు ఆయన. “రాసేశారు కదా? లెక్క మూసేశారు కదా?”

“మూసేశానండీ.”

“బాగా రాశారు. కొత్తగా చేరినట్టున్నారు, జాగ్రత్తగా చేస్తున్నారు.” ఆయన కుర్చీలో ముందుకు జరిగి, గొంతు కాస్త తగ్గించి, సిగ్గుపడుతూ అడిగాడు. “మీరు వెళ్లేటప్పుడు మా ఇంట్లో ఒక్క మాట చెప్పి వెళ్తారా? ముప్ఫై ఎనిమిదని. మా ఆవిడ రోజూ నేను చెప్పేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటుంది.”

“చెప్తానండీ” అంది టైలరమ్మ.