పెళ్లి క్యాసెట్లో గస్తీ హీరో

ఆదివారం టైర్ల షాపుకి సెలవు. సెలవంటే తమ్ముడికి ఒంటికి పడదు. మంచం మీద కూర్చుంటే కాళ్లూపుతాడు, నిలబడితే వేళ్లు విరుస్తాడు, గోడ మీద బల్లిని చూస్తే దాంతో మాట్లాడతాడు. అదీ అయిపోయాక చెప్పులేసుకుని అక్కావాళ్లింటికి వచ్చేస్తాడు. పెళ్లి చేసుకోరా అని ఎవరైనా అంటే, "ముందు ఒక చోట కుదురుగా కూర్చోడం నేర్చుకోనీండి" అంటాడు. నలభై దాటాయి. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు.

ఆ ఆదివారం వచ్చేసరికి వాకిట్లో బావ ఉన్నాడు. బావది నీళ్లు వదిలే ఉద్యోగం. తెల్లారకముందే పొడుగాటి ఇనప చువ్వ భుజాన వేసుకుని వీధి వీధికీ వెళ్లి వాల్వులు తిప్పి వస్తాడు. వచ్చాక ఆ చువ్వకంటిన బురద మెట్టుకేసి గీకుతూ కూర్చుంటాడు. లోపల గదిలో అక్క మంచం మీద పెట్టె తెరిచి చీరలు సర్దుతోంది.

తమ్ముడు చెప్పులు విప్పకుండానే ఆగిపోయాడు. వెళ్లిపోతానని అక్క వారం నుంచీ అంటూనే ఉంది గానీ, ఉత్త బెదిరింపేమో అనుకున్నాడు. పక్క ఊళ్లో అక్క స్నేహితురాలికి బేకరీ ఉంది. మోకాళ్లు అరిగిపోయి పొయ్యి దగ్గర నిలబడలేకపోతోందట. నువ్వొచ్చి చూసుకో, పైన గది ఉంది, ఉండిపో అంది. అక్క సోమవారం పొద్దుటి బస్సుకి వెళ్తానంది. వెళ్లి వస్తాననలేదు, వెళ్తానంది. ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరు మనుషులు. అందులో ఒకరు వెళ్తే మిగిలేది ఇల్లు కాదు, బావా ఇనప చువ్వా.

తమ్ముడు బావ పక్కన చతికిలబడ్డాడు. "బావా, నువ్వో మాట చెప్పొచ్చుగా."

"ఏం చెప్పమంటావు?"

"వెళ్లొద్దని."

బావ బురద గీకడం ఆపలేదు. "వెళ్లాలనుకున్న మనిషిని ఆపడానికి మనమెవరంరా."

లోపల్నుంచి అక్క వింది. చెవులు మహా పదును ఆవిడకి. "విన్నావా? గోడైనా వానొస్తే తడుస్తుంది. మీ బావ అదీ తడవడు."

ఈ గోడ మాట అక్క పెళ్లినాటినుంచీ అంటున్నదే. ఆ రోజు పెళ్లికూతురి గదిలో అక్కకి ఉన్నట్టుండి కాళ్లాడలేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో జీవితమంతా ఎలాగా అని తలుపేసుకుని కూర్చుంది. ఎవరైనా వచ్చి తలుపు తడితే, ముఖ్యంగా ఆ పెళ్లికొడుకే వచ్చి ఒక్క ముక్క మాట్లాడితే లేద్దామనుకుంది. ఎంతసేపు కూర్చున్నా ఒక్క పురుగూ రాలేదు. చివరికి తనే విసిగి తలుపు తీసుకుని వచ్చింది. ఎదురుగా ఆయన, గోడలాంటి మొహంతో. అప్పటినుంచీ గోడతో కాపురమే. అక్క ఈ కథ చెప్పినప్పుడల్లా బావ అక్కణ్నుంచి లేచిపోతాడు. ఆ వేళప్పుడు ఏ వీధిలో ఏ వాల్వు ఉందో మరి.

"అది సరే అక్కా," తమ్ముడు గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఇవాళ మధ్యాహ్నం మా వాళ్లు వస్తారు. గుర్తుందిగా?"

"రానీ. నా పెళ్లి మీద కూర్చుని మీ హీరోని చూసుకోండి. రేపణ్నుంచి ఆ క్యాసెట్టు కూడా నీదే."

ఆ క్యాసెట్టు సంగతి చెప్పకపోతే ముందుకి నడవదు. ఆ రోజుల్లో టీవీలో 'ఒంటరి గస్తీ' అని వారం వారం వచ్చేది. అందులో హీరో రాత్రి కాపలావాడు. తుపాకీ ఉండదు, ఒక టార్చిలైటూ, రెండు చేతులూ. ఆ చేతుల్తో ఎంతమందిని మట్టి కరిపించాడో లెక్కే లేదు. వీధిలో పిల్లలందరూ టార్చిలైట్లు పట్టుకుని గోడలు దూకేవాళ్లు. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ గస్తీయే. ఆ షో ఆఖరి భాగం అక్క పెళ్లైన పది రోజులకి వచ్చింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. ఉన్నదల్లా అప్పుడే స్టూడియో నుంచి వచ్చిన పెళ్లి క్యాసెట్టు, ఇంకా ఎవరూ చూడనిది. మీద వేరేది ఎక్కకుండా స్టూడియోవాడు దాని వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకని విరిచేసి మరీ ఇచ్చాడు. తమ్ముడు ఆ చోట కాగితం ముక్క మడిచి, అంటింపు టేపు వేసి, మిషన్లో తోసి, బటన్ నొక్కాడు. దాంతో అక్క పెళ్లిలో చుట్టాలు రావడం ఉంది, చివర భోజనాలున్నాయి, మధ్యలో పెళ్లి ఉండాల్సిన చోట గస్తీ డాబాల మీద పరిగెడుతుంటాడు. "నాకు పెళ్లి చేసింది టార్చిలైటు" అని అక్క అందరికీ చెప్పేది. మొదట్లో ఏడుస్తూ చెప్పేది, తర్వాత్తర్వాత నవ్వుతూ చెప్పేది.

ఆ ఆఖరి భాగం ఇప్పుడు మరెక్కడా లేదు, అందులో విలన్ ఎవరో కూడా ఎవరికీ గుర్తు లేదు. టీవీవాళ్లు తమ దగ్గరున్నది చెరిపేసి ఏవో వంటలు ఎక్కించుకున్నారట. పోయిన వారం గస్తీ ముసలితనంలో నిద్రలోనే పోయాడు. అభిమానులందరికీ ఈ క్యాసెట్టు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అయ్యేసరికి వచ్చేశారు. గస్తీ అభిమాన సంఘం కార్యదర్శి బార్బరు, చేతిలో దండ. పళ్ల డాక్టరమ్మ, చేతిలో టార్చిలైటు. ఇంకా నలుగురైదుగురు, కుర్చీలు చాలక చాప మీద సర్దుకున్నారు.

"మీ ఇంటికొచ్చాడా?" అని బార్బరు డాక్టరమ్మని అడిగాడు.

"మొన్న వచ్చాడు. మా పాప పాటల పోటీ క్యాసెట్టులో. వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. బాగా చిక్కాడు."

"మా ఇంట్లో ఫుట్‌బాల్ మ్యాచిలో కనబడ్డాడు. బయట బెంచీ మీద కూర్చుని బూటు విప్పి రాయి దులుపుకున్నాడు. పాపం, పనిలేని మనిషి ఏం చేస్తాడు? వచ్చేవారం షో లేదుగా మరి."

అవును, పోయిన దగ్గర్నుంచీ గస్తీ తన చోట ఉండటం లేదు. ఏ క్యాసెట్టు పెట్టినా ఏదో మూల నుంచి వచ్చి అటూ ఇటూ తచ్చాడుతున్నాడు. వాతావరణం చెప్పే అమ్మాయి వెనక నిలబడి మొహం తుడుచుకున్నాడని ఒకాయన, తన అన్నప్రాశన వీడియోలో గుమ్మం దగ్గర చెప్పులు వరసగా పెట్టాడని ఇంకొకాయన చెప్పారు. అందరూ తలలూపారు. కాపలా అలవాటు ఎక్కడికి పోతుంది.

"గస్తీ దెబ్బ కొట్టేముందు ఒకసారి ముక్కు తుడుచుకుంటాడు చూడండి," బార్బరు లేచి చేసి చూపించాడు. "అది చూసే నేను కత్తెర పట్టుకునేముందు ముక్కు తుడుచుకోవడం మొదలెట్టా."

"అందుకే మీ షాపుకి రావడం మానేశాను," అన్నాడు చాప మీద ఒకాయన.

అందరూ నవ్వారు. తమ్ముడికి నవ్వు రాలేదు. ఒక కన్ను గది తలుపు మీద, ఒక కన్ను మిషన్ మీద. ఆఖరి భాగంలో విలన్ ఎవరో ఇన్నేళ్లకి మళ్లీ చూస్తానన్న తహతహ ఒక పక్క, లోపల పెట్టె మూత పడిన చప్పుడు ఇంకో పక్క. అక్క పెట్టె మూసేసింది. ఇక రేపటిదాకా చేసేదేమీ లేదన్నట్టు వచ్చి గుమ్మానికానుకుని నిలబడింది. బావ వంటింటి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా అభిమానులంతా ఉన్నారు.

క్యాసెట్టు తిరగడం మొదలెట్టింది. చుట్టాలు వచ్చారు. పెళ్లి హాలు మెట్లు. పెదనాన్న జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అద్దం ముందు పెళ్లికూతురు, చుట్టూ ఆడవాళ్లు. తెర మీద గీతలు పరిగెత్తాయి, ఠక్కున చీకటి, డాబాలు, టార్చిలైటు వెలుగు.

"వచ్చాడు," అన్నాడు బార్బరు.

గస్తీ పరిగెడుతున్నాడు. ఒక డాబా, రెండో డాబా, మూడోది. విలన్ నీళ్ల ట్యాంకు వెనక నక్కాడు. టార్చి వెలుగు వాడి బూట్ల మీద పడింది. ఇక మొహం మీద పడాలి. డాక్టరమ్మ చేతిలో టార్చి తనకి తెలీకుండానే వెలిగింది.

గస్తీ ఆగాడు.

ఆయాసపడుతూ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. టార్చి ఆర్పేసి జేబులో పెట్టుకున్నాడు. విలన్ వైపు చూసి, ఉండు అన్నట్టు చెయ్యి చూపించాడు. వాడు ఉన్నాడు. తర్వాత గస్తీ నడుచుకుంటూ తెర కింది అంచు దగ్గరికి వచ్చి, వంగి, ఆ అంచు కింద వేళ్లు దూర్చి చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు. బిగబట్టి, దుకాణం షట్టరు ఎత్తినట్టు బొమ్మనంతా పైకి ఎత్తాడు.

డాబాలు పైకి చుట్టుకుపోయాయి. కింద పెళ్లి ఉంది.

"అదిగో మన హాలు," అంది అక్క చాలా నెమ్మదిగా.

గస్తీ రెండు చేతుల్తో ఆ బరువు నెత్తి మీద పట్టుకుని ఓ పక్కకి జరిగాడు, వెనకవాళ్లకి కనబడాలి కదా. మోచేతులు వంగిపోతున్నాయి, వయసైపోయింది మరి. ఆయన చంక కిందనుంచి ఒక నడవా కనిపించింది. నడవా చివర మూసిన తలుపు. తలుపుకి అడ్డంగా బావ, అప్పటికింకా కుర్రవాడు, ఈ మెడే, ఈ చెవులే, రెండు చేతులూ రెండు గోడలకి ఆనించి నిలబడ్డాడు. బావ ఎదురుగా అమ్మ ఏడుస్తోంది. పెదనాన్న తలుపు విరగ్గొడతానంటున్నాడు. బావవాళ్లమ్మ పరువు పోయిందంటోంది. ఎవరో బావ చొక్కా పట్టుకుని లాగారు, గుండీ ఎగిరిపడింది. బావ కదల్లేదు. బావ మాట్లాడాడు. చాప మీద జనం చెవులు రిక్కించారు.

"ఆ పిల్ల వస్తే పెళ్లుంది. రాకపోతే లేదు. ఎంతసేపైనా కూర్చోనీండి. తలుపు మాత్రం ఎవరూ తట్టడానికి వీల్లేదు."

బావ నోట ఒకేసారి ఇన్ని మాటలు రావడం తమ్ముడు ఎన్నడూ వినలేదు. తను ఎక్కడున్నాడా అని తెరంతా వెతికాడు. మూల గదిలో ఉన్నాడు, పెళ్లి హాలు మేనేజరు టీవీ ముందు, నోరు తెరుచుకుని. ఇక గొడవ పడ్డ పెద్దవాళ్లంటారా, పెళ్లింట రభస బయటికి పొక్కకూడదని అప్పుడు నోరు కట్టుకున్నారు, తర్వాత ఒక్కొక్కరూ పోయారు.

తెర మీద బావ అలా నిలబడే ఉన్నాడు. జనం విసిగి వెళ్లారు, మళ్లీ వచ్చారు. ఒకసారి బావ తల వెనక్కి తిప్పి తలుపు వైపు చూశాడు, తట్టడానికన్నట్టు చెయ్యెత్తాడు, దించేశాడు. ఎంతోసేపటికి గడియ చప్పుడైంది. బావ గబుక్కున పక్కకి జరిగి, మొహం తుడుచుకుని, గోడలా నిలబడ్డాడు. తలుపు తీసుకుని అక్క వచ్చింది.

గస్తీ ఎత్తిపట్టిన బొమ్మని వదిలేశాడు. అది కిందకి రాలేదు, పైనే ఎక్కడో చుట్టుకుని ఉండిపోయింది. ఆయన భుజం రుద్దుకుంటూ పెళ్లివాళ్ల మధ్యలోంచి నడిచి, హాలు మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాత పెళ్లి జరిగింది, భోజనాలు వడ్డించారు.

 బార్బరు దండ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అంటే, ఆ విలన్ ఎవరైనట్టు?"

డాక్టరమ్మ ఆయన మోచేతి మీద ఒక్కటిచ్చింది.

బావ స్టూలు మీంచి లేచాడు. "బయట వాల్వు సరిగ్గా కట్టానో లేదో..."

"కూర్చోండి," అంది అక్క. బావ కూర్చున్నాడు. "తలుపు తట్టనివ్వంది మీరా?"

"ఊఁ."

"ఎవరైనా తడితే బావుణ్నని లోపల నేను చచ్చిపోతుంటే."

"తడితే వచ్చేస్తావని భయం."

"రావాలనేగా పెళ్లి పెట్టుకుంది."

బావ చేతుల్లోకి చూసుకున్నాడు. "తడితే వచ్చావో, నీ అంతట నువ్వు వచ్చావో నాకెలా తెలిసేది?"

అక్క గుమ్మం వదిలి చాప అంచుదాకా వచ్చింది.  "పోనీ తర్వాతైనా," అంది. "ఇన్నేళ్లలో, ఒక్క ముక్క."

"ఏ ముక్కైనా తట్టడమే కదా."

అక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అభిమానులు ఒక్కొక్కరే లేచారు. బార్బరు తెచ్చిన దండ ఎవరికి వెయ్యాలో తెలియక టీవీ మీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ బావ భుజం మీద చెయ్యేసి ఏదో అందామనుకుని, ముక్కు తుడుచుకుని వెళ్లిపోయాడు.

తమ్ముడు ఉండబట్టలేక క్యాసెట్టు వెనక్కి తిప్పాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తిప్పాడు. మెట్లు, పెదనాన్న, అద్దం, నడవా, తలుపు, పెళ్లి. డాబాలు లేవు, ట్యాంకు లేదు. లోకంలో ఉన్న ఒకే ఒక్క ఆఖరి భాగం తన చేతిలో పోయింది. ఇంకోసారి తిప్పుదామని వేలు పెట్టాడు గానీ, వెనక అడుగుల చప్పుడు విని ఆగాడు.

బావ గది ముందు నిలబడ్డాడు. తెర మీద బావా, ఇక్కడ బావా, ఇద్దరూ తలుపు దగ్గరే. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. బావ చెయ్యెత్తాడు. దించాడు. చెయ్యి లాల్చీకి తుడుచుకున్నాడు. 

బావ తలుపు తట్టాడు.

"ఎవరూ?" అంది అక్క, ఇంట్లో ఇంకెవరో పదిమంది ఉన్నట్టు.

"నేనే."

"ఏం కావాలి?"

బావ తలుపుకి దగ్గరగా జరిగాడు. "నేనూ వస్తా," అన్నాడు.

"వాల్వులెవరు తిప్పుతారు?"

"ఎవరో ఒకరు తిప్పుతారు. ఊరేం ఎండిపోదు."

"బేకరీలో నించోవాలి, రోజంతా."

"నించోడం నాకొచ్చు."

లోపల మంచం కిర్రుమంది. గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి తమ్ముడికి పెట్టె కనిపించింది. ఇందాక మూతపడ్డ పెట్టే, ఇప్పుడు నోరు తెరుచుకుని ఉంది. చీరల మీద బావవి ఖాకీ చొక్కాలు, ఎలా పడితే అలా కుక్కినవి.

"వచ్చి దీని మీద కూర్చోండి," అంది అక్క. "ఎంత నొక్కినా మూత పడట్లేదు."

బావ లోపలికి వెళ్లాడు. తలుపు ఎవరూ వెయ్యలేదు.